ఇరవై డిగ్రీలు మన ఊరివి కావు: నెల్లూరు ఎండలో ఫిల్మ్, డిజిటల్

ఏ డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే మందు) ప్యాకెట్టు తిప్పి చూసినా, ఏ ఫిల్మ్ డబ్బా లోపలి కాగితం విప్పినా ఉండేది ఒకటే అంకె: 20 డిగ్రీలు. నెల్లూరు కుళాయిలో ఆ అంకె దొరకదు. రోహిణి కార్తెలో మిద్దె మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టలేం. రాత్రంతా గదిలో ఉంచిన బకెట్టులో తెల్లారి థర్మామీటర్ ముంచితే 31, 32 చూపిస్తుంది. కార్తీకం ముసుర్లలో కూడా 25 దగ్గరే ఆగుతుంది. ఇక్కడ ఇంట్లో ఫిల్మ్ కడగడం మొదలుపెట్టినవాళ్లకు మొదటి రీలు దట్టంగా, గరుకుగా వస్తుంది. తప్పు కెమెరాదో కెమికల్‌దో అనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. తప్పు నీళ్ల వేడిది.

కాగితం మీది అంకెలను మన నీళ్లకు, మన ఉక్కకు, మన ఉప్పుగాలికి తగ్గట్టు తిరగరాసుకుంటే ఒంగోలు నుంచి తడ దాకా ఈ తీరంలో ఎవరైనా ఇంట్లోనే శుభ్రమైన నెగెటివ్ తీయొచ్చు. ఈ పోస్టంతా ఆ లెక్కలే. డిజిటల్ గురించీ ఉంటుంది కానీ ఫిల్మ్ గురించే ఎక్కువ రాస్తున్నాను. అందులో జరిగిన తప్పును తర్వాత దిద్దుకోలేం కాబట్టి.

ఒక మాట ముందే. మన వాడుకలో రీలు అంటే ఫిల్మే. ఫిల్మ్ కడిగే, వెలుగు చొరబడని చిన్న ట్యాంకులో ఫిల్మ్ చుట్టే ప్లాస్టిక్ చక్రాన్ని కూడా రీలు అనేవాళ్లున్నారు. ఇక్కడ గందరగోళం రాకుండా దాన్ని స్పైరల్ అంటాను.

నీళ్ల లెక్క

నలుపు తెలుపుతో మొదలుపెడదాం. ఫిల్మ్ ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, డెవలపర్ ఐడీ-11 అనుకోండి. స్టాకు, అంటే పొడి కరిగించి పెట్టుకున్న చిక్కటి మందు, ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. వేడి పెరిగేకొద్దీ రసాయనం చురుగ్గా పనిచేస్తుంది, టైము తగ్గించాలి. ఎంత తగ్గించాలో ఇల్‌ఫర్డ్ కాగితంలోనే ఒక కొలత ఉంది: 20 దగ్గర 4 నిమిషాలు పట్టేది 23 దగ్గర 3 నిమిషాలే పడుతుంది. అంటే డిగ్రీకి సుమారు తొమ్మిది శాతం కోత. ఆ లెక్కన మన 13 నిమిషాలు 24 దగ్గర 9 అవుతాయి, 26 దగ్గర ఏడుంపావు, 28 దగ్గర 6, 30 దగ్గర 5.

అయిదు నిమిషాల కిందికి మాత్రం దిగొద్దు. ట్యాంకులో డెవలపర్ పోయడానికే పది పదిహేను సెకన్లు పడుతుంది. మొత్తం టైము మూడు నిమిషాలైతే, ముందు తడిసిన చోటికీ తర్వాత తడిసిన చోటికీ తేడా నెగెటివ్ మీద కనిపించిపోతుంది. ఆకాశంలో చారలు, ఫిల్మ్ అంచున ఉండే పళ్ల రంధ్రాల పక్కన తెరలు తెరలుగా మచ్చలు వచ్చేది ఇందువల్లే. కాబట్టి ఎండాకాలంలో స్టాకును నీళ్లు కలపకుండా వాడటం మానేయాలి. అది 20 దగ్గరే ఏడున్నర నిమిషాలు, 30 దగ్గర మూడు నిమిషాలకు పడిపోతుంది. ఒకటికి మూడు వంతుల నీళ్లు కలిపితే 20 దగ్గర 20 నిమిషాలు, 30 దగ్గర కూడా ఏడున్నర దాటుతుంది. కరెంటు పోయి ఐసు లేని రోజున అది ఆదుకుంటుంది. కానీ అంత పల్చన చేసినప్పుడు ఒక్కో రీలుకు కనీసం 100 మి.లీ. స్టాకు ట్యాంకులో ఉండేలా చూసుకోవాలి. లేకపోతే మందు మధ్యలోనే నీరసించి నెగెటివ్ పేలవంగా వస్తుంది.

టైము తగ్గిస్తే సరిపోయేటప్పుడు నీళ్లు చల్లబరచడం ఎందుకంటారా? జెలటిన్ కోసం. ఫిల్మ్ మీద వెండి లవణాలను పట్టి ఉంచే పొర జెలటిన్‌దే. 30 దాటిన నీళ్లలో అది ఉబ్బి మెత్తబడుతుంది. ఆ స్థితిలో గోరు తగిలినా గీత పడుతుంది. అలాగని 20 దాకా దించాలని పట్టుబట్టడమూ అనవసరమే. గది 33 ఉంటే, తొమ్మిది పది నిమిషాల్లో ట్యాంకు తిరిగి వేడెక్కుతూనే ఉంటుంది, మీరు నమ్మిన అంకె నిలవదు. ఎండాకాలానికి 24, వానాకాలానికి కుళాయి నీళ్లు ఎంతుంటే అంత. నేను గట్టిగా చెప్పేది ఇదే. 24 దగ్గర రెండు నెలలు నిలకడగా చేసినవాళ్ల నెగెటివ్‌లు, రోజుకో ఉష్ణోగ్రత దగ్గర చేసినవాళ్ల వాటికన్నా ఎప్పుడూ మెరుగ్గా ఉంటాయి.

24కి దించే తేలిక దారి ఫ్రిజ్ నీళ్లు. రెండు స్పైరళ్ల ట్యాంకుకు 600 మి.లీ. కావాలి. అందులో సగం స్టాకు, సగం నీళ్లు. 32 డిగ్రీల స్టాకు 300 మి.లీ., ఫ్రిజ్‌లో 8 డిగ్రీలున్న నీళ్లు 200 మి.లీ., గదిలోని 32 డిగ్రీల నీళ్లు 100 మి.లీ. కలిపితే సరిగ్గా 24 వస్తుంది. మీ ఫ్రిజ్ నీళ్లు ఎంత ఉన్నాయో ఒకసారి కొలుచుకుని అంకెలు మార్చుకోండి. ముందు రోజు రాత్రే ఒక బాటిల్ ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే ఇందులోని శ్రమంతా.

ఇక ఆ 24 నిలబడాలి. దానికి ట్యాంకు మునిగేంత టబ్బు కావాలి. టబ్బులో 5 లీటర్ల నీళ్లు 32 నుంచి 24కి దిగాలంటే సుమారు 400 గ్రాముల ఐసు చాలు. ఐసును జిప్ కవర్లో వేసి టబ్బులో వదలండి. డెవలపర్లోకి నేరుగా వేయొద్దు, కరిగిన మేరకు మందు పల్చబడుతుంది. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, మిగిలిన వెండి లవణాలను తీసేసే ఫిక్సర్, కడుగుడు నీళ్లు అన్నీ బాటిళ్లలో అదే టబ్బులో నిలబెట్టి, అన్నీ రెండు డిగ్రీల తేడాలోకి వచ్చాకే మొదలుపెట్టండి. 24లో ఉన్న ఫిల్మ్‌ను తీసి 32 డిగ్రీల కుళాయి కింద పెట్టడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. జెలటిన్ ఒక్కసారిగా ఉబ్బితే గ్రెయిను (బొమ్మలో కనిపించే వెండి రవ్వలు) ముద్దలు కట్టినట్టు కనిపిస్తుంది. మరీ తేడా ఉంటే పొర మీద బీటలు వారినట్టు గీతలు వస్తాయి.

కుండ నీళ్లతో పని జరగదా అంటే, గాలిని బట్టి. పడమటి గాలి తోలే రోజుల్లో గాలి పొడిగా ఉంటుంది, కుండ బాగా చెమరుస్తుంది, నీళ్లు చల్లబడతాయి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందా, గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమర్చిన నీరు ఆరదు, కుండ పెద్దగా చల్లబడదు. టబ్బులో నింపే నీళ్లను కుండలో పెట్టుకుంటే ఐసు కొంత ఆదా అవుతుంది, అంతే.

జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, అది 24 దాకా దిగదు. వంటకు వాడే, పుల్లలాంటి డిజిటల్ థర్మామీటర్ తెచ్చుకోండి. కరుగుతున్న ఐసు ముక్కల మధ్య పెడితే 0 చూపించాలి. ఒక డిగ్రీ తేడా చూపిస్తే ఆ డిగ్రీని గుర్తుపెట్టుకుని వాడుకోవచ్చు.

మందులు

తీరం వెంబడి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు. ఉప్పు లేని చోట సున్నం. ఆ నీళ్లతో కడిగి ఆరబెట్టిన నెగెటివ్ మీద ప్రతి చుక్క ఆరిన చోటా తెల్ల వలయం మిగులుతుంది. మందు కలపడానికి, చివరి కడుగుడుకు 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ వాడండి. ఒక్కో ట్యాంకుకు మూడున్నర లీటర్లకు మించి కావు, క్యాన్‌తో అయిదు ట్యాంకులు తేలిగ్గా నడుస్తాయి.

డెవలపర్ ప్యాకెట్టు కొరియర్లో రావడం ఆలస్యమైతే డీ-76 అనే డెవలపర్‌ను ఇంట్లో కలుపుకోవచ్చు. కాలేజీలకు ల్యాబ్ సామాన్లు వేసే దుకాణాల్లో అన్నీ దొరుకుతాయి. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే మన వెలిగారమే. పచారీ కొట్టులో దొరికే దానిలో కలుషితాలుంటాయి, ల్యాబ్ రకమే తీసుకోండి. 50 డిగ్రీల వేడి నీళ్లు 750 మి.లీ. తీసుకుని ముందు చిటికెడు సల్ఫైట్ వేయాలి. తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగిలిన సల్ఫైట్, ఆపైన హైడ్రోక్వినోన్, చివర్న వెలిగారం. చల్లటి నీళ్లు పోసి లీటరు చేయాలి. ఈ వరస తప్పితే పని చెడుతుంది. సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటాల్ కరగదు, అడుగున రవ్వలా మిగులుతుంది. అసలు వేయకపోతే మెటాల్ గాలి తగిలి పాడవుతుంది. మెటాల్ కొందరి చర్మానికి పడదు, గ్లవ్స్ తప్పకుండా వేసుకోండి. పొడి కలిపేటప్పుడు మాస్కు కూడా. 2 గ్రాములు తూచాలంటే గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు కావాలి, వంటింటి త్రాసు సరిపోదు.

కలిపిన స్టాకును గాజు సీసాలో మూతి దాకా నింపి చీకట్లో పెట్టండి. సీసాలో గాలి ఎంత మిగిలితే అంత తొందరగా పాడవుతుంది, మన వేడికి ఇంకా తొందరగా. అందుకే లీటరు సీసా ఒకటి కాకుండా 300 మి.లీ. సీసాలు మూడు పెట్టుకుంటే మేలు. రంగు టీ డికాక్షన్‌లా మారిందంటే పారబోయడమే.

స్టాప్ బాత్‌కు కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు. ఫిక్సర్‌కు రెడీమేడ్ ర్యాపిడ్ ఫిక్సర్ ఉంటే ఒకటికి నాలుగు వంతుల నీళ్లు. లేకపోతే పాతకాలపు హైపో, లీటరుకు 250 గ్రాముల స్ఫటికాలు. హైపోలో గమనించదగ్గ విషయం ఒకటుంది. కరుగుతూ అది నీళ్ల వేడిని లాగేస్తుంది. 32 డిగ్రీల నీళ్లలో 250 గ్రాములు వేసి కలిపితే 22 దగ్గరికి పడిపోయి, మగ్గు బయట చెమ్మ పడుతుంది. చల్లగా ఉంది కదా అని వెంటనే పోసేస్తే, చల్లటి హైపో మెల్లగా పనిచేసి ఫిల్మ్ పాలరంగులోనే ఉండిపోతుంది. టబ్బులో నిలబెట్టి 24కి రానివ్వాలి.

ఫిక్సింగ్ టైము ఎంత అన్నది కాగితం చూసి కాదు, ఫిల్మ్ ముక్కతో తేల్చుకోవాలి. రీలు మొదట్లో వృథా అయ్యే తోక ముక్క మీద ఒక చుక్క ఫిక్సర్ వేసి అర నిమిషం ఆగండి. తర్వాత ముక్కంతా ఫిక్సర్‌లో ముంచి గడియారం చూడండి. చుక్క పెట్టిన చోటికీ చుట్టుపక్కలకీ తేడా తెలియకుండా పారదర్శకమయ్యే టైముకు రెట్టింపు, అదే మీ ఫిక్సింగ్ టైము. కొత్త ఫిక్సర్‌లో ఆ ముక్కకు పట్టిన టైము సీసా మీద రాసి ఉంచండి. అది రెండింతలైన రోజున ఫిక్సర్ అయిపోయినట్టు.

కడగడానికి ధారగా నీళ్లు వదలక్కర్లేదు. ఇల్‌ఫర్డ్ పద్ధతిలో ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో అయిపోతుంది. ఆ మూడు ట్యాంకులూ టబ్బు పక్కనే 24 దగ్గర సిద్ధంగా ఉంచుకోవచ్చు. ఈ ఊరికి ఇంతకన్నా నప్పిన పద్ధతి నాకు తెలియదు.

డెవలపర్ ఉన్నప్పుడు తిప్పుడు ఇలా: పోయగానే పది సెకన్లలో 4 సార్లు తలకిందులు చేయాలి. ట్యాంకు అడుగును బల్ల మీద రెండుసార్లు తట్టాలి, లేకపోతే గాలి బుడగలు అంటుకున్న చోట గుండ్రటి మచ్చలు మిగులుతాయి. తర్వాత ప్రతి నిమిషం మొదట్లో 4 సార్లు. మధ్యలో ట్యాంకు టబ్బులోనే ఉండాలి. పట్టుకునేది మూత దగ్గర, పొట్ట దగ్గర కాదు. అరచేతి వేడి 24 డిగ్రీల ట్యాంకుకు ఎక్కువే.

రంగు ఫిల్మ్‌కు మన ఎండే సాయం

రంగు నెగెటివ్ కడిగే సీ-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీలు ఉండాలి, టైము 3 నిమిషాల 15 సెకన్లు. చలి దేశాలవాళ్లు దీనికి హీటర్లు కొనుక్కుంటారు. మనకు కుళాయి నీళ్లే 32, ఇంకో ఆరు డిగ్రీలు వేడి చేస్తే చాలు. గది కూడా వేడిగా ఉంటుంది కాబట్టి దిగిపోవడమూ మెల్లగానే. నలుపు తెలుపు కష్టం, రంగు సులువు అన్నమాట మన మే నెలలో. అయితే ఇక్కడ అర డిగ్రీ తేడా కూడా రంగు పాకానికి తగులుతుంది. నలుపు తెలుపు నాలుగైదు రీళ్లు నిలకడగా వచ్చాకే దీని జోలికి వెళ్లండి.

ఉక్క

నెల్లూరులో ఫిల్మ్ పాడయ్యేది ట్యాంకులో కన్నా చీకట్లో ఫిల్మ్‌ను స్పైరల్‌కు ఎక్కించే ఛేంజింగ్ బ్యాగులోనే ఎక్కువ. రెండు చేతులూ నల్ల సంచిలో, లోపల గాలి ఆడదు, రెండు నిమిషాల్లో చేతులు చెమటతో తడుస్తాయి. ఆ తేమ స్పైరల్ గాళ్లలోకి చేరిందా, ఫిల్మ్ సగం దాకా ఎక్కి అక్కడే అతుక్కుంటుంది. బలవంతంగా తోస్తే గాడి దాటి, పక్క చుట్టకు అంటుకుంటుంది. అలా అంటుకున్న చోటికి మందు చేరదు, అక్కడ ఫిక్సర్ కూడా పట్టదు.

స్పైరల్ ఎముకలా ఎండి ఉండాలి. కడిగిన రోజే మళ్లీ వాడొద్దు. ఎండలో గంట పెట్టండి, లేదా హెయిర్ డ్రయ్యర్ రెండు నిమిషాలు. అంచుల్లో చిన్న గోళీల్లాంటి బేరింగులుంటాయి, స్పైరల్‌ను చెవి దగ్గర ఊపితే అవి గలగలమనాలి. చప్పుడు రాకపోతే ఇంకా తడి ఉన్నట్టే. ఫిల్మ్ తోకను వెలుగులోనే తిన్నగా కత్తిరించి, రెండు మూలలూ కొంచెం గుండ్రంగా నొక్కేయండి. పదునైన మూల గాడిలో గుచ్చుకుంటేనే మొరాయిస్తుంది. తెల్లవారుజామున అయిదింటికి, ఫ్యాను కింద చేతులు ఆరబెట్టుకుని మొదలుపెడితే సగం బాధ తప్పుతుంది. అయినా మధ్యలో అతుక్కుంటే లాగొద్దు. ఫిల్మ్‌ను స్పైరల్‌తో సహా ట్యాంకులో పెట్టి, మధ్య గొట్టం కూడా వేసి మూత బిగించి, చేతులు బయటికి తీసి పది నిమిషాలు ఆగండి. చెమట ఆరాక మళ్లీ చూడండి. గడ్డిపీచులా నలిగిన రీళ్లన్నీ ఆ పది నిమిషాలు ఆగలేకపోయినవే.

ఆరబెట్టేటప్పుడు ఫ్యాను వేయొద్దు. పడమటి గాలి రోజుల్లో ఇంటి నిండా సన్నటి దుమ్ము ఉంటుంది, తడి జెలటిన్ మీద వాలితే ఇక రాదు. బాత్‌రూము గోడలు, నేల తడిపి పదిహేను నిమిషాలు ఆగితే దుమ్ము అణుగుతుంది. అప్పుడు ఫిల్మ్‌ను పై కొసన క్లిప్పుతో వేలాడదీసి, కింది కొసకు బరువైన క్లిప్పు పెట్టి తలుపు మూసేయండి. ఉక్కరోజుల్లో నాలుగైదు గంటలు పడుతుంది. వేలాడదీసే ముందు, 600 మి.లీ. క్యాన్ నీళ్లలో 3 మి.లీ. వెట్టింగ్ ఏజెంట్ వేసి అర నిమిషం ముంచితే నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారిపోతాయి. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, అందులో రంగు, వాసన కోసం వేసినవి పొరగా మిగులుతాయి. వేళ్ల మధ్య పట్టి నీళ్లు తుడిచే అలవాటు ఎండాకాలంలో మానేయండి. మెత్తబడ్డ జెలటిన్ మీద ఒక్క ఇసుక రేణువు చాలు, రీలు పొడవునా గీత పడటానికి.

కొత్త ఫిల్మ్ ఫ్రిజ్‌లో ఉంచేవాళ్లు తీసిన వెంటనే డబ్బా విప్పొద్దు, రెండు గంటలు బయట ఉండనివ్వండి. చల్లటి ఫిల్మ్ మీద మన గాలి మంచులా కురుస్తుంది. ఇదే లెక్క డిజిటల్ కెమెరాకూ వర్తిస్తుంది. ఏసీ గదిలో పడుకున్న కెమెరాను తెల్లవారి మైపాడు తీసుకెళ్లి బ్యాగు విప్పితే లెన్స్ ముందు అద్దమే కాదు, లోపలి అద్దాలూ మసకబారతాయి. సూర్యుడు నీళ్లలోంచి లేచే పది నిమిషాలూ గుడ్డతో తుడుస్తూనే గడిచిపోతాయి, తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. రాత్రే కెమెరాను ఏసీ లేని గదిలో పెట్టండి. కుదరకపోతే ఏసీ గదిలోనే జిప్ కవర్లో వేసి గాలి పిండేసి, బయటికి తెచ్చాక అరగంట కవరు విప్పకండి. మంచు కవరు మీద పడుతుంది, కెమెరా మీద పడదు.

బూజు సంగతి. గాలిలో తేమ 60 శాతం దాటి నిలిచిపోతే లెన్స్ లోపల బూజు మొదలవుతుంది, మనకు ఏడాదిలో చాలా నెలలు అదే పరిస్థితి. లెన్స్‌ను పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడులా సన్నటి పోగులు కనబడతాయి. ముదిరితే అద్దం మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. దీనికి వేల రూపాయల అల్మరా అవసరం లేదు. మూతకు రబ్బరు అంచు ఉన్న పది పదిహేను లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, పావుకిలో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు చాలు. 40 నుంచి 50 మధ్య ఉంచండి. జెల్ ఆరెంజ్ రకం తీసుకోండి. అది ఆకుపచ్చకు తిరిగాక, వంటకు వాడని పాత పెనం మీద సన్నటి సెగన వేడి చేస్తే మళ్లీ రంగుకొస్తుంది. కెమెరాతో వచ్చిన తోలు కేసు ఎంత అందంగా ఉన్నా డబ్బాలో పెట్టొద్దు, బూజు ముందు తోలు మీదే పుడుతుంది. కలరా ఉండలూ వద్దు, వాటి ఆవిరి అద్దాల మీద పేరుకోవచ్చు.

ఎండలో ఆపిన కారులో కెమెరా వదిలేయడం పాత లెన్సులకు మరీ చేటు. ఫోకస్ రింగులోని గ్రీజు పల్చబడి, వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే అపెర్చర్ రేకుల మీదికి పాకుతుంది. నూనె పట్టిన రేకులు అతుక్కుని మెల్లగా మూసుకుంటాయి, చిన్న రంధ్రం ఎఫ్ 16 పెట్టినా పెద్ద రంధ్రం ఎఫ్ 5.6 దగ్గరే ఉండిపోయి ఫోటో తెల్లబారుతుంది. సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు రేకులు పొడిగా ఉన్నాయా, టక్కున కదులుతున్నాయా అన్నదే మొదట చూడాలి. పాత కెమెరా వెనక తలుపు గాడిలో ఉండే నల్ల స్పాంజి కూడా మన వేడికి తారులా జిగురవుతుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గీకేసి, ఆ గాడిలో నల్ల ఊలు దారం అతికిస్తే వెలుగు చొరబడదు.

ఉప్పు తెలుపు, రాయి నలుపు

నెల్లూరు 14న్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ ఆఖరి వారంలో, మళ్లీ ఆగస్టు నడిమిలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ వెలుగులో మనిషిని తీస్తే కళ్లున్న చోట రెండు నల్ల గుంటలు, ముక్కు కింద మీసంలా నీడ. పదింటి తర్వాత, మూడున్నర లోపు మనుషుల్ని తీయాలంటే వేపచెట్టు నీడలోకో వసారాలోకో పిలవండి, లేదా కెమెరా దించండి.

మబ్బులేని ఎండకు వెలుగు కొలిచే మీటరు అక్కర్లేదు. ఎఫ్ 16 పెట్టి, షట్టరు ఐఎస్ఓ అంకెకు దగ్గరగా పెట్టండి. 400 ఫిల్మ్‌కు సెకనులో 500వ వంతు. తడి ఇసుక, అలలు నిండిన చోట ఎఫ్ 22. పాత కెమెరాల్లో షట్టరు 1000వ వంతుతో ఆగిపోతుంది కాబట్టి, 400 ఫిల్మ్‌తో పగటిపూట వెనక భాగం మసకగా రావాలంటే కుదరదు. అది కావాలంటే 100, 125 ఫిల్మ్ వేసుకోండి.

మీటరును ఎప్పుడు నమ్మకూడదో నేర్పడానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాలను మించిన బడి లేదు. అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పు కొటార్ల దగ్గర తెల్లటి కుప్పలకు కెమెరా ఎక్కుపెడితే మీటరు దాన్ని బూడిద రంగు అనుకుని వెలుగు తగ్గించేస్తుంది, ఉప్పు మురికి సిమెంటులా వస్తుంది. ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి (ఒక స్టాపు పెంచడమంటే వెలుగు రెట్టింపు చేయడం). ఉత్తరంగా వెళ్తే చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ దిమ్మకు ఎదురుగా అదే మీటరు అదే తప్పు తిరగేసి చేస్తుంది, నల్లరాయి బూడిదైపోతుంది. అక్కడ ఒకటి, ఒకటిన్నర తగ్గించాలి. ఆ రాయిలో మెరిసే బంగారు చుక్కలు బ్రోంజైట్ ఖనిజానివి. సూటిగా ఎదురు వెలుగు పడితే అవి కనబడవు. దిమ్మకు ఒక పక్క నుంచి వాలుగా ఎండ తగిలే వేళ చూసి, కెమెరాను కొద్దికొద్దిగా జరుపుతూ పోతే ఒక కోణంలో అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి.

రెండు చోట్లా పనికొచ్చే మీటరు మీ అరచెయ్యి. ఎండలో అరచెయ్యి చాపి, దాని మీద మాత్రమే మీటరు చూసి, ఒక స్టాపు పెంచండి. మనిషి ఏ రంగువాడైనా అరచెయ్యి రంగు పెద్దగా మారదు కాబట్టి ఇది ఎవరికైనా నప్పుతుంది.

ఫిల్మ్, డిజిటల్ రెండూ పట్టుకెళ్లేవాళ్లు డిజిటల్ కెమెరాను ఫిల్మ్‌కు మీటరుగా వాడుతుంటారు. మంచిదే, కానీ రెండింటి భయాలు వేరు. డిజిటల్‌లో తెలుపు ఎగిరిపోతే తిరిగి రాదు, నీడల్లోది కొంతైనా లాగొచ్చు. నెగెటివ్‌లో నీడల్లో పడనిది లేనట్టే, తెలుపు మాత్రం చాలా దూరం ఓర్చుకుంటుంది. కాబట్టి డిజిటల్‌లో తెలుపు కాపాడుకుంటూ తేల్చిన అంకెనే ఫిల్మ్‌కు పెడితే నీడలు ఖాళీగా వస్తాయి. ఫిల్మ్‌కు నీడ వైపు చూసి అంకె తీసుకోండి. మన ఎండలో ఎండకీ నీడకీ తేడా మరీ ఎక్కువ. 400 ఫిల్మ్‌ను 200 అనుకుని తీసి, డెవలపింగ్ 15, 20 శాతం తగ్గించండి. నీడల్లో వివరం పడుతుంది, తెలుపు అదుపులో ఉంటుంది.

తెల్లవారకముందు మైపాడులో స్టాండు మీద ఫిల్మ్‌తో తీస్తే ఇంకో దిద్దుబాటు ఉంది. మీటరు 10 సెకన్లు అంటే హెచ్‌పీ5కు 20 ఇవ్వాలి, 30 అంటే 85 దాకా. తక్కువ వెలుగులో ఫిల్మ్ మందగిస్తుంది, డిజిటల్‌కు ఈ బాధ లేదు.

పులికాట్ ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా నెల్లూరు కెమెరాలన్నీ చలికాలంలో అటే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మీదుగానే పోతుంది. ఫ్లెమింగోలు దూరంగా, నీళ్ల మీద వేడిగాలి అలలు అలలుగా ఉంటుంది. తొమ్మిదింటి తర్వాత తీసినవన్నీ మెత్తగా వస్తే లెన్స్‌ను తిట్టొద్దు, మధ్యలో ఉన్న గాలే వణుకుతోంది. ఏడింటికే అక్కడ ఉండండి, షట్టరు 1000వ వంతుకు తగ్గకుండా చూసుకోండి.

సముద్రం దగ్గర లెన్స్ మార్చొద్దు. ఇంటికొచ్చాక ముందు బ్లోయరుతో ఇసుక ఊదేయాలి, ఆ తర్వాతే గుడ్డ. క్యాన్ నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా ఒళ్లంతా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మరోసారి. ఎండిన ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. స్టాండు కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి, లేకపోతే నెలకే బిగుసుకుంటాయి.

నెగెటివ్ నుంచి తెరకు

ఇక నెగెటివ్‌ను డిజిటల్ కెమెరాతోనే ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించొచ్చు. మాక్రో లెన్స్, రంగు నాణ్యత (సీఆర్ఐ) 95 పైన ఉన్న ఎల్ఈడీ పలక, ఫిల్మ్‌ను చదునుగా పట్టే హోల్డరు. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రా (RAW) ఫైలు, రెండు సెకన్ల టైమరు. మెరుపు లేని వైపు కెమెరా వైపు ఉంచి, తర్వాత బొమ్మను అద్దంలోలా తిప్పుకోవాలి. మూలలు మసకగా వస్తే ఎక్కువసార్లు కారణం కెమెరా ఒరగడమే. హోల్డరు స్థానంలో చిన్న అద్దం ముక్క పెట్టి కెమెరాలోంచి చూడండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో ఉంటే కెమెరా తిన్నగా ఉన్నట్టు, పక్కకుంటే స్టాండు సర్దాలి. స్పిరిట్ లెవెల్ కన్నా ఇది నమ్మకం.

నెగెటివ్‌లను ఆరు ఫ్రేముల చొప్పున కోసి పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు మన వేడికి చెమర్చి ఫిల్మ్‌కు అతుక్కుంటాయి. కవర్లను పడుకోబెట్టకుండా నిలబెట్టి, సిలికా జెల్ ఉన్న డబ్బాలోనే ఉంచండి. కవరు అంచున ఇలా రాసి పెట్టుకోండి: మే, మైపాడు, హెచ్‌పీ5 ప్లస్, 200గా తీసింది, ఐడీ-11 ఒకటికి ఒకటి, 24 డిగ్రీలు, ఏడున్నర నిమిషాలు.